కోతలయ్యాక చేయిద్దామన్న వైపర్

జూన్ 2

ఆయన పొద్దున్నే కారు బానెట్ ఎత్తారు. మామిడి తోటలో ఇంకా రసాలు కొయ్యాల్సినవి ఉన్నాయి. కూలీలు వచ్చి నిలబడితే "మీరు కానివ్వండి, నేనొస్తా" అన్నారు. వెళ్ళలేదు. మధ్యాహ్నం దాకా వైపర్ దగ్గరే.

నన్ను ఆస్పత్రి నుంచి తెచ్చాక ఆ కారు మీద చెయ్యి వెయ్యడం ఇదే మొదలు.

జూన్ 3

అద్దం కింద నల్ల రేకు విప్పితే లోపలంతా ఎండిన మామిడి పూత, ఆకులు. గుప్పిళ్ళతో తీసి కింద పోశారు.

పూత రోజుల్లో కారు చెట్టు కింద పెట్టేవారు. నాకు అప్పుడే నెల తప్పింది. సీటు కాలితే వికారంగా ఉంటుందని నీడన పెట్టేవారు. పూత మీది తేనెమంచు పురుగు జిగురు అద్దమంతా కురిసేది. దానికి వైపర్లు అంటుకుపోయాయి. చూసుకోకుండా స్విచ్ వేశారు. లోపల టక్‌మంది. అప్పటినుంచి మోటారు తిరుగుతుంది, వైపర్లు కదలవు.

"వేసవిలో వానేంటి... కోతలయ్యాక చేయిద్దాంలే" అన్నారు.

మా వైపు అన్నీ కోతలయ్యాకే. ఇంటికి సున్నం, పంటి నొప్పికి డాక్టరు, కొత్త చెప్పులు. ఉయ్యాల కూడా కోతలయ్యాకే కొందామన్నారు.

జూన్ 4

అత్తయ్య వాకిట్లో మామిడి ముక్కలు ఆరబెడుతూ అందరికీ వినపడేలా— "అప్పుడు చేయించాల్సింది ఇప్పుడు చేస్తున్నాడు. ఎవరి కోసమో!"

ఆయన చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది.

జూన్ 6

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం గాలివాన. ఐదో నెల నాకు. రక్తం కనపడింది. ఆగిరిపల్లి నుంచి నూజివీడు ఎంత దూరమని... కానీ అద్దం నిండా వాన. ఆయన తల కిటికీ బయట పెట్టి తోలారు. ఆగడం, తువ్వాలుతో తుడవడం, మళ్ళీ తోలడం. దారి పొడుగునా జనం రాలిన కాయలు ఏరుకుంటున్నారు. మా వైపు ఎవరూ చూడలేదు. "కాసేపే సుజాతా... వచ్చేశాం... కాసేపే" అంటూనే ఉన్నారు.

నన్ను ఆస్పత్రిలో దింపి ఆయన కారు పక్కకి తీయడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నన్ను చూసి అంది— "ఇది ఇవాళ్టిది కాదమ్మా. బిడ్డ గుండె ఆగి రెండు మూడు రోజులైంది. మీరు ముందొచ్చినా చేసేదేం లేదు."

ఆ మాట ఆయన చెవిన పడలేదు. తర్వాత ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆలస్యమైపోయిందని ఆయనకి ఆయనే అనుకుని మెట్ల మీద కూర్చుండిపోయారు. నేను అవుననలేదు. కాదనలేదు.

జూన్ 7

చెప్తే ఆయన గుండె మీద బరువు దిగుతుంది. తెలుసు.

కానీ వైపర్ కాకపోతే మరి ఎవరి వల్ల? నా కడుపే కదా.

అత్తయ్య చెల్లెలి కోడలికి రెండుసార్లు కడుపు పోయింది. నిలవని కడుపు అని పంపేశారు. ఆ అక్క ఇప్పుడు చింతలపూడిలో, పుట్టింట్లో, మిషన్ కుట్టుకుంటోంది. నా పెళ్ళికి నా జడలో పూలు పెట్టింది ఆ అక్కే.

జూన్ 8

చర్చిలో పాస్టరమ్మ తల మీద చెయ్యి పెట్టింది. "అన్నీ దేవుడికి తెలుసమ్మా" అంది.

అవును. దేవుడికి తెలుసు. డాక్టరమ్మకి తెలుసు. నాకు తెలుసు. ఆయనకే తెలీదు.

జూన్ 10

మెకానిక్ మస్తాన్ గారు వచ్చి చూశారు. "ఏంటి తమ్ముడూ, కడ్డీని పట్టుకునే ప్లాస్టిక్ బుష్ అరిగి ఊడింది, అంతే. ఈ పాత బండికి అది విడిగా ఎక్కడ దొరుకుతుంది? కాయ బానే అమ్మావుగా, కొత్త కారు కొనెయ్యి!" నవ్విద్దామని అన్నారు పాపం.

"దొరికేదాకా వెతుకుతా అన్నా."

ఆయన బస్సెక్కి విజయవాడ పోయారు, పాత సామాన్ల కొట్లకి.

జూన్ 11

దొరికింది. అన్నం తినకుండా బిగించారు. స్విచ్ వేస్తే వైపర్లు అద్దం దాటి పోయి ఒకదానికొకటి తగులుకున్నాయి. మళ్ళీ విప్పారు. ముందు మోటారుని ఊరికే తిప్పి, అది ఆగే చోట ఆగాక అప్పుడు బిగించాలట. తొందరపడ్డాను, తొందరపడ్డాను... అని తనలో తనే.

జూన్ 12

వాన లేదు. "సుజాతా, బిందెతో నీళ్ళు తీసుకురా" అన్నారు.

ఆయన లోపల కూర్చున్నారు. నేను బయట నిలబడి చెంబుతో అద్దం మీద పోస్తున్నాను. నీళ్ళు పడితే ఆయన ముఖం కరిగిపోతోంది. వైపర్ వచ్చి పోతే మళ్ళీ ముఖం. నీళ్ళు... ముఖం. ఒకసారి తేటపడేసరికి ఏడుస్తున్నారు.

"ఇంకా పొయ్యి."

బిందె అయిపోయింది. ఆయన ఆపలేదు. ఎండిన అద్దం మీద వైపర్లు కీచుకీచుమంటున్నాయి. ఆ చప్పుడులో అన్నాను— మీ తప్పు కాదండీ. నాకే వినపడలేదు.

జూన్ 13

ఏమీ లేదు. ఉక్క.

జూన్ 15

సాయంత్రం వాన. ఆయన తాళాలు తీసుకుని "రా" అన్నారు. ఎక్కడికండీ అంటే చెప్పలేదు.

నూజివీడు దారి. వైపర్లు అటూ ఇటూ, అటూ ఇటూ. ఆ రోజు ఆగిన చోట్లన్నీ నాకు గుర్తే. ఎక్కడా ఆగలేదు. ఆస్పత్రి గేటు ముందు ఆపారు. పొయ్యి మీద అన్నం ఉడికేంత సేపు కూడా పట్టలేదు.

"చూశావా... ఇంతే. ఇంత దగ్గర." అన్నారు.

"ఏమండీ" అన్నాను. "ఆ రోజు డాక్టరమ్మ..."

ఆయన గభాలున వైపర్ ఆపారు, నా మాట వినపడాలని. అద్దం నిండా నీళ్ళు దిగాయి. గేటు లేదు, లైట్లు లేవు. లోపల మేమిద్దరమే.

"ఆఁ... ఏమంది?"

ఆ కళ్ళు. చింతలపూడి అక్క గుర్తొచ్చింది.

"చీకటి పడుతోందండీ. ఇంట్లో అత్తయ్య ఒక్కరే ఉన్నారు."

ఆయన మళ్ళీ వైపర్ వేశారు.