మైనస్ గుర్తు తీయను

బుధవారం రాత్రి, ఇల్లందు

ఇవాళ ఆఫీసులో మేనేజర్ సారుకు ఎదురు చెప్పాను.

అడవి పల్లెల బోర్లలో నీటిమట్టం నిరుటికంటే పెరిగిందో తగ్గిందో చూపించే ప్రోగ్రాం నాది. పెరిగితే ప్లస్, తగ్గితే మైనస్. ఈసారి దాదాపు అన్ని ఊళ్లకూ మైనసే వచ్చింది. సారు వచ్చి స్క్రీన్ చూశాడు.

"ఏందమ్మా రోజీ, అన్నీ మైనస్‌లేనా? యాబ్స్ ఫంక్షన్ ఉంటది గదా, పెట్టు. అన్నీ ప్లస్ అయితయి. రేపు పెద్ద సార్లు చూస్తరు."

యాబ్స్ ఏం చేస్తుందో నాకు తెలియదా? గుర్తు తీసేసి అంకె మాత్రం ఉంచుతుంది. ఊళ్ల మధ్య దూరం లెక్కకు నేనే వాడాను. ఇక్కడ వాడితే మాత్రం నీళ్లు ఇంకిపోయిన ఊరు కూడా నీళ్లు పెరిగిన ఊరిలా కనబడుతుంది. ఈ రిపోర్టు చూసి నీళ్ల ట్యాంకర్లు పంపే పెద్ద సార్లు ఇక ఆ ఊరికి ఎందుకు పంపుతారు? మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో బోరు ఇప్పటికే బురద కక్కుతోంది.

"నేను పెట్టను సార్," అన్నాను. "కావాల్నంటే మీరే పెట్టి, కింద మీ పేరు రాసుకోండ్రి."

ఆయన ముఖం మాడిపోయింది. "నీ నౌకరీ సంగతి రేపు చూస్త," అని వెళ్లిపోయాడు. నేను మైనస్ వచ్చిన ఊళ్లన్నిటికీ ఎర్ర రంగు వేసి, రిపోర్టును నేరుగా పెద్ద సార్లకే పంపేశాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "రేపు జల్దీ లేపుత. మొదటి బస్సుకే పోయి నీ కుర్చీల నువ్వు కూసో బిడ్డా. లెవ్వమంటే లెవ్వకు," అంది.