సిగ్నల్ మింగిన జరీ

ఆగస్టు 7, 2006

బెంగళూరు నగర్తపేట ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, గుండీలు, లేసుల వ్యాపారి, ఎనిమిదో క్లాసు తప్పిన వెంకటరాయప్ప అనే నేను ఈ రోజు నుంచి కాఫీలో చక్కెర మానేశాను.

సాయంత్రం: వేసుకున్నాను.

అసలు సంగతి. మా అబ్బాయి అంగట్లో వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టించాడు. మేడ మీద చీరలకు జరీ అంచులు కుట్టే అంజినప్ప కూతురు ఆశకు పాస్‌వర్డ్ ఇచ్చాను. బ్రూక్‌ఫీల్డ్ బట్టల షాపు ఆవిడకు అంచుల ఫోటోలు మెయిల్ చెయ్యాలట. వాళ్ళది ఏదో ఆఫీసు పారేసిన కంప్యూటర్, విండోస్ 98. వైర్‌లెస్ అడాప్టర్ గుచ్చితే డ్రైవర్ సీడీ పెట్టమంటుంది. అది లేకపోతే అడాప్టర్‌ను గుర్తే పట్టదట. చూస్తానని మేడెక్కాను. ఆశ నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళగానే, తమాషాకి ఆ సీడీ కవర్లో వెంట తెచ్చిన మా పాత ప్రింటర్ సీడీ పెట్టి అసలుది జేబులో వేసుకున్నాను. రెండింటి మీదా రాత చెరిగిపోయింది. ఎవరికి తెలుస్తుంది?

ఆగస్టు 8

ఆశ పొద్దున్నుంచీ ఇన్‌స్టాల్, రీస్టార్ట్. డ్రైవర్ దొరకలేదంటుంది మిషను. ఒకసారి తెరంతా నీలమైపోయిందట. అంజినప్ప దిగొచ్చాడు. ఏందన్నా, సిగ్నలు మెట్లెక్కనంటాండాది, దానికీ మోకాళ్ళ నొప్పులుండాయా అన్నాడు. నేను జడ్జీలా ముఖం పెట్టి, నీ గదినిండా జరీ ఉండాది గదప్పా, వెండి తీగ సిగ్నలును మింగేస్తాది అన్నాను. తలూపి వెళ్ళాడు. నవ్వలేక చచ్చాను. రేపు సీడీ ఇచ్చేస్తాను.

ఆగస్టు 9

శ్రావణమాసం గిరాకీ. ఇవ్వలేదు.

ఆగస్టు 10

అంజినప్ప తన నాయన దాచిన వెండి జరీ కండెలన్నీ గోతానికెత్తి, పాత జరీ కరిగించే అంగడికి వేసి వచ్చాడు. నా అంగడి ముందు నుంచే వెళ్ళాడు. బేరంలో ఉండి తలెత్తలేదు. తెలిసి పరుగెత్తాను. ఆ అంగడివాడు వెండి కరిగించే మూస చూపించాడు. అడుగున తెల్లటి ముద్ద.

అంజినప్ప నన్నే ఓదార్చాడు. ఇప్పుడా జరీ ఎవరడుగుతారన్నా, పిల్ల పని జరగాల గదా అని.

ఆశ భోంచేస్తుండగా సీడీలు మార్చాను.

ఆగస్టు 11

కనెక్టయింది. ఆశ కేక వీధి చివరికి వినబడింది. ఫోటోలు వెళ్ళాయి. అంజినప్ప నా నోట్లో మైసూర్‌పాక్ కుక్కి, ఇంజనీర్లకే తెలీనిది మా అన్న చెప్పినాడప్పా అని ప్రతి అంగడికీ వెళ్ళి చెబుతున్నాడు. ఎదురంగడి మునినారాయణప్ప వచ్చి తన జరీ ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు. నీ నెత్తిన పెట్టుకో అని కసిరాను. పాపం, వాడేం చేశాడు.

ఆగస్టు 14

బ్రూక్‌ఫీల్డ్ ఆవిడ జవాబిచ్చింది. అంచులు నచ్చాయట, దసరా లోపల చాలా చీరలకు కావాలట. కానీ ఫోటోలో ఉన్న పాత వెండి జరీతోనే కుట్టాలట. ఇప్పటి జరీ అయితే వద్దట.

ఆశ ఆ మెయిల్ మళ్ళీ మళ్ళీ తెరిచి చూస్తోంది. అంజినప్ప మాత్రం, జరీ ఉంటే ఈ మెయిలే వచ్చేది కాదు గదన్నా, ఎవర్నని ఏం లాభం అన్నాడు.

నన్ను అను, మహానుభావా.

ఆగస్టు 15

మెట్లెక్కాను. సీడీ, ప్రింటరు, జరీ, అన్నీ కక్కేశాను. అంజినప్ప, నువ్వు చచ్చినా మారవన్నా అని వీపు మీద ఒక్కటి వేశాడు. ఆశ ఏడ్చింది. తర్వాత కాఫీ ఇచ్చింది. ఈ రాత్రి నిద్ర పడుతుంది.

ఆగస్టు 16

నిన్న కక్కేశానన్నది కల్పన. మెట్లెక్కడం నిజం, కాఫీ నిజం. నేను నోరు తెరిచేలోపు అంజినప్ప అటక మీది నుంచి ఒక కండె తీశాడు. ఇదొక్కటి మిగిలిపోయిందన్నా, ఒక్క చీరకీ చాలదు, దీన్నీ వేసేస్తే ఇంకా స్పీడొస్తాదా అని అడిగాడు.

తలూపాను.