చంద్రగిరి కోటలో స్వయంపాకం

5-5-1946, ఆదివారం, చిత్తూరు

నా భార్య సంతోషమ్మకు వేలూరులో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. రెండేళ్లు, హాస్టల్లో ఉండి చదవాలి. వస్తుందో రాదో పదిహేనో తేదీలోగా జాబు రాయాలట. రాయకుండా కూర్చుంది! కారణం నేనట.

"మీకు నీళ్లు కాంచుకునేది గూడా రాదు. నేను పోతే పస్తుంటారు. రాలేనని రాసేస్తా" అంది.

పౌరుషం వచ్చింది. బళ్లో ముప్పైమంది పిల్లలను అదుపులో పెట్టేవాణ్ణి, ఒక్క పొయ్యిని పెట్టలేనా? ఎలాగూ సెలవులే. ప్రతిజ్ఞ చేశాను.

చంద్రగిరి కోటలో ఐదు రోజులు మకాం. (పట్టాళం నుంచి తిరిగొచ్చిన స్నేహితుడు ప్రేమానందం గుడారం ఇస్తానన్నాడు.)
రోజూ తెల్లవారగానే కొండెక్కి పైకోట చూడాలి.
స్వయంపాకం. ఇంకొకరి వంట ముట్టరాదు!

నెగ్గితే వస్తున్నానని రాస్తుంది. ఓడితే రానని రాస్తుంది. శుక్రవారం తనే వచ్చి చూస్తుందట. రానీ! చంద్రగిరి ఆమె పుట్టినూరు. అత్తామామలకు కబురు పెట్టవద్దన్నాను. తెలిస్తే నన్ను వండనిస్తారా?

6-5, సోమవారం, చంద్రగిరి

10 గం.: పాకాలలో బండి మారి చేరాను.

11 నుంచి 1: గుడారం వేశాను. రెండుసార్లు కూలింది. మూడోసారి కోట కావలి ఆదిమూలం వేశాడు. అది వంట కాదు కనుక తప్పులేదు.

2: అన్నం వండాను! అడుగున మాడింది, పైన బియ్యం, నడుమ బ్రహ్మాండం. నడిమిది తిన్నాను.

4: రాజమహల్ చూశాను. మూడంతస్తులు. బయట అంత ఎండ, లోపల ఎంత చల్లదనం! రాజులు తెలివైనవాళ్లు. వంట కూడా ఎవరిచేతనో చేయించుకుని ఉంటారు.

5: "ఈ ఊర్లో మీకు ఎవురన్నా ఉండారా అయివారా?" అని ఆదిమూలం అడిగాడు. శాంతయ్యగారి అల్లుణ్ణని నోరు జారాను.

7-5, మంగళవారం

6: కొండెక్కాను! పైకోట దాకా! కింద రాణిమహల్ అగ్గిపెట్టెంత కనిపించింది.

12: మామ శాంతయ్య ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. అత్తగారిల్లు పక్కనే ఉండగా కోటలో పొయ్యి పెట్టుకున్నాడంటే అల్లుడు అలిగాడనే ఊరి లెక్క!

"యాడ తప్పు జరిగిందబ్బా? మర్యాద తక్కువైంటే సెప్పు" అన్నాడు మామ.

"అలక కాదు మామా, వంట నేర్చుకుంటా ఉండా."

పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అలిగినోడు అలిగినానని ఒప్పుకుంటాడా శాంతయ్యా? శానా ముదిరిండాది" అని తేల్చేశారు.

క్యారియరు పెట్టి వెళ్లారు. వాసనను బట్టి వడలు. మూత తీయకుండా తిప్పిపంపాను!

2: గంజి తాగాను. వండింది అన్నమే.

8-5, బుధవారం

6: కాళ్లు పట్టేశాయి. కొండ రేపు.

12: వడలు తిప్పిపంపడంతో అలక ఇంకా పెరిగిందనుకున్నారట. అత్త వసంతమ్మ తనే నెత్తిన గంప పెట్టుకుని వచ్చింది. రాగిసంగటి, నాటుకోడి పులుసు! కళ్లు తుడుచుకుంటూ, "నా బిడ్డ ఏమన్నా అనిందా నాయనా? దానికి నోటిదురుసు. నా మొగం సూసి రొంత తిను" అంది.

వద్దన్నాను! గట్టిగా! గంప అక్కడే వదిలి వెళ్లింది.

1-00: పారేయడం పాపం. ఆదిమూలాన్ని తినమన్నాను.

1-10: "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాను. "మీరే సూడండి అయివారా" అన్నాడు.

1-15: చూశాను.

1-40: ఇంకా చూస్తున్నాను.

ఇందుకు కారణాలు ఉన్నాయి. పెద్దావిడ కన్నీళ్లు ఒకటి. వంట నేర్చుకునేవాడికి మంచి వంట రుచి తెలియాలి కదా, అది రెండు.

9-5, గురువారం

6: కొండను గుడారంలోంచి చూశాను. బాగానే కనిపిస్తోంది.

9: ఒక రహస్యం కనిపెట్టాను. వద్దన్నకొద్దీ వంటకాలు పెరుగుతాయి! ఇడ్లీలు వస్తే మొహం తిప్పుకున్నాను.

12: పొట్టేలు కూర, పూర్ణం నిండిన ఓళిగలు, పైన నెయ్యి! తిన్నాను. అంతా తిన్నాను.

3: ఎండ భరించరానిది. గుడారం పీకేశాను. అత్తగారి వసారాలో చాప వేశారు. అల్లుడి అలక తీరిందని మామ వీధంతా బెల్లం పంచాడు.

5: సంతోషమ్మ గుర్తొచ్చింది. ఆ సీటు కాగితాన్ని ఎన్నిసార్లు మడిచి, ఎన్నిసార్లు విప్పి చదువుకుందో! నా మూలంగా ఆమె చదువు పోతుంది. ఓళిగ గొంతు దిగలేదు. నిజం. రెండోది దిగింది.

10-5, శుక్రవారం

12-30: సంతోషమ్మ బండి దిగి నేరుగా కోటకే వెళ్లిందట. అక్కడ చల్లారిన బూడిద, ఆదిమూలం. ఆమె ఇంటికి వచ్చేసరికి నా ముందు విస్తరి, అత్త చేతిలో గరిటె.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "ఓడిపోయినా. అయినా నువ్వు రానని రాయొద్దు. గంజి తాగైనా బతుకుతా. నీ సదువు ఆపిన పాపం నాకొద్దు" అన్నాను.

సంతోషమ్మ సంచిలోంచి కార్డు తీసి, గోడకు ఆనించి రాసింది. వస్తున్నానని!

"అదేంది?" అన్నాను.

"మీకు వంటొస్తాదని నేనెప్పుడు అనుకున్నా? పస్తుంటారని కదా నా బయం. ఊరినంతా ఏడిపించి కూడు మోయించుకున్నారు. ఇంక మీరు పస్తుండేదేంది!"

అత్త నవ్వింది. మామ నవ్వాడు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

24-6, సోమవారం, చిత్తూరు

7: సంతోషమ్మను వేలూరు బండి ఎక్కించాను. ఇద్దరికీ కన్నీళ్లు. ఆమె తుడుచుకుని చెయ్యి ఊపింది.

12: వాకిట్లో మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. పక్కింటి భారతమ్మ చూసింది.

"ఏమి అయివారా, అట్ట కూసున్నారు?"

"ఏమీ లేదు" అని మొహం తిప్పుకున్నాను.

"ఏమీ లేకుంటే సరే" అని తలుపు వేసుకుంది.

12-30: ఇంకాసేపు కూర్చున్నాను. తలుపు తెరుచుకోలేదు.

1: బియ్యం కడిగాను. నీళ్లు ఎన్ని పోయాలో అడుగుతూ సంతోషమ్మకు జాబు రాశాను. జవాబు గురువారానికి గాని రాదు.

1-30: పొయ్యి వెలిగించాను. రెండేళ్ల స్వయంపాకం. మొదటి రోజు!