అయస్కాంతం అతుక్కున్న గిన్నె

అలివేలూ,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది.

మొన్న మగ్గం గుంతలో కూర్చుని పొయ్యి మాటే మరిచిపోయినా. పప్పు మాడి ఇల్లంతా పొగ. అది విని మన పాప పెనుకొండ నుంచి ఇండక్షన్ స్టవ్ తెచ్చింది. "నాయనా, ఇంక గ్యాసు ముట్టొద్దు. దీనికి మంట ఉండదు. టైము పెడితే అదే ఆగిపోతాది" అనింది. నువ్వుంటే ముందు దానికి పసుపు, కుంకుమ పెట్టేదానివి. నేనే పెట్టినా.

తీరా చూస్తే అయస్కాంతం అతుక్కునే గిన్నెలే దాని మీద కాగుతాయంట. పాప ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసిచ్చింది. సంగటి గిన్నె, అన్నం గిన్నె, పప్పు గిన్నె, నీవన్నీ సత్తు గిన్నెలే. ఒకదానికీ అతుక్కోలేదు.

అటక మీది స్టీలు గిన్నెకు మాత్రం టక్కున అతుక్కునింది. నువ్వు మంచంలో ఉన్న మూడు నెలలూ నీకు గంజి కాచిన గిన్నె అది.

"ఇది వద్దులే నాయనా, వేరేది కొందాం" అనింది పాప.

"ఉండనీలే" అన్యా.

పాప బస్సెక్కినాక దాంట్లోనే గంజి కాచుకున్యా. నోట్లో పోసుకుంటే ఉప్పు లేదు. వేసేది మరిచిపోయినా. అప్పుడూ ఇట్లే మగ్గానికీ పొయ్యికీ మధ్య తిరుగుతా కాస్తాంటి. ఎన్నిసార్లు మరిచినానో తెలీదు. నువ్వు ఒక్కరోజన్నా చెప్పకుండా తాగి, గిన్నె నా చేతికిస్తాంటివి.

ఉప్పు డబ్బా పక్కనే ఉండాది. నేనూ అట్లే తాగినా.