మన ఊరి ఎగుమతులు

బస్సు స్టేజి, శింగనమల దగ్గర
3-2-1985, ఆదివారం

చిరంజీవి నాగలక్ష్మికి అక్క గంగమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అమ్మ, నేను, మేక, ముగ్గురమూ బాగున్నాము. నువ్వూ బాగుండాలని పొద్దున్నే పొయ్యి ముట్టించేటప్పుడు దేవుడికి చెప్పుకుంటున్నాను. క్షేమ సమాచారాలు అయిపోయాయి. ఇక తిట్లు. కూర్చుని చదువు.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. మారిషస్ దీవి విదేశీ వ్యాపారం మీద పెద్ద వ్యాసం రాసి మార్చి పదిహేనులోగా ఇవ్వాలట, ఇవ్వకపోతే ఎం.ఏ. పట్టా రాదట. లైబ్రరీలో దొరికింది ఒకటే పుస్తకమట. సముద్రం కూడా చూడని పిల్లకు దీవి సంగతి ఏం తెలుస్తుందని మీ సారు అందరి ముందూ నవ్వాడట. అందుకని పెట్టె సర్దుకుని వచ్చేస్తావట. వచ్చి ఏం చేస్తావు? నా కొట్టులో టీ గ్లాసులు కడుగుతావా? దానికి ఎం.ఏ. ఎందుకే, నా ఏడో తరగతే ఎక్కువ.

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. ఆ దీవిలో ఎటు చూసినా చెరకే. చక్కెర ఓడెక్కి పోతుంది. బియ్యం, గోధుమపిండి, నూనె, మందులు ఓడల్లో వచ్చి దిగుతాయి. చక్కెర ధర పండించినవాళ్ళు చెప్పరు, ఎక్కడో దూరాన కొనేవాళ్ళు చెబుతారు. తుఫాను వచ్చి చెరకు పడిపోతే ఆ ఏడంతా గోవిందా. ఇందులో నీకు తెలియనిది ఏముంది? చెరకు కొట్టేసి వేరుశనగ అని రాయి. ఓడ కొట్టేసి బస్సు అని రాయి. తుఫాను బదులు వానే రాలేదని రాయి. మన ఊరు కాదూ?

నువ్వు నమ్మవని తెలుసు. అందుకే జవాబు ఆపి ఒక పని చేశాను. నీ బావ పోయినప్పటి నుంచి ఆరేళ్ళుగా ఈ స్టేజీలో టీ కాస్తున్నదాన్ని, నా కళ్ళు దాటి ఏదీ పోదు. సోమవారం నుంచి శనివారం దాకా బస్సు మీదికి ఏం ఎక్కిందో, ఏం దిగిందో నీ పాత నోటుబుక్కులో గీతలు పెట్టాను. మూటలు ఎక్కించే హమాలీ ఈరప్ప ఒకటే నవ్వు. "ఏమక్కా, సర్కారోళ్ళు జీతమిస్తాండారా నీకు?" అన్నాడు.

ఈరప్ప మూటలు ఎంచడం నీకు తెలుసు కదా. ఒకటి అనడు, "లాభం" అంటాడు, తర్వాత రెండు, మూడు. నువ్వు చిన్నప్పుడు కల్లంలో నిలబడి "ఒకటి యాడికి పోయింది నాయనా" అని ఏడ్చేదానివి. ఈ పెద్దదాని తెలివి ఇంకా ఘనం. లాభం అన్న మాట వినగానే చేతులు జోడించడం నాకు అలవాటు, గీత పెట్టడం మరచిపోయాను. ఆరు రోజులూ అంతే. కాబట్టి మూటలు ఎక్కించిన ప్రతిసారికీ ఒకటి కలుపుకో.

పోయినవి: మిగిలిన నాలుగు వేరుశనగ మూటలు, చింతపండు, బొగ్గులు, చాలా మేకలు. వచ్చినవి రాస్తే చేయి నొప్పి పుట్టింది. బియ్యం నుంచి అగ్గిపెట్టె దాకా అన్నీ వచ్చేవే. నీ దీవికి నాలుగు పక్కలా నీళ్ళట. మనకు తాగే నీళ్ళు కూడా దిగుమతే, వారానికి రెండు ట్యాంకర్లు.

శనగనూనె డబ్బాలు దిగినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. మన కాయలే కదా! టౌనుకు పోయి, మిల్లులో ఆడించుకుని, డబ్బాలో కూర్చుని మన దగ్గరికే వచ్చాయి. రెండు పక్కలా రాశాను. కండక్టరు ఓబుళేసు అది చూసి, "పోయిందే మళ్ళా వచ్చిందని రాసినావు, లెక్క తప్పక్కా" అన్నాడు. "లెక్క తప్పు గాదప్పా, మనం చేస్తాండే తప్పు" అన్నాను. ఆ దీవి చక్కెర కూడా ముడిసరుకుగా పోయి ఏ రూపంలో తిరిగి వస్తున్నదో వెతుకు. మీ సారు దాని గురించి అడగడు, నువ్వే రాయి.

ఇంకొకటి. మన తెలుగువాళ్ళను కూడా ఒకప్పుడు ఓడలెక్కించి అక్కడికి చెరకు పనికి తీసుకుపోయారని, ఆ మనుషులు ఏ పట్టికలోనూ కనబడలేదని రాశావు. నాకూ ఆ చిక్కే వచ్చింది. సరుకు రాశాను కానీ మనుషులను రాయలేదు. ఎంచితే దిష్టి కదా. "మూటలైతే ఎంచుతా, మనుసుల్ని ఎంచగూడదు" అని ఈరప్ప కూడా అన్నాడు. అందుకని మనుషులకని గీసిన వరుస ఖాళీగా ఉంచాను.

నోటుబుక్కు దీంతోపాటే పంపుతున్నాను. సారు మళ్ళీ నవ్వితే ఆయన ముందు పెట్టు. ఇంటికి మాత్రం రావద్దు. వస్తే తలుపు తీయను, ఒట్టు. హాస్టలు డబ్బుల సంగతి నేను చూసుకుంటాను. కొట్టు చక్కగా నడుస్తోంది.

నువ్వు పట్టా తెచ్చేదాకా కోపం తగ్గని
నీ అక్క
గంగమ్మ

తా.క.: 8-2-1985. కవరు మీద ముద్ర ఈపాటికి చూసే ఉంటావు. అవును, బెంగుళూరే. పై ఉత్తరం ఆదివారం కొట్టులో కూర్చుని రాశాను కానీ పోస్టు చేయలేదు. కొట్టు నడవడం లేదే. టీ తాగేవాళ్ళంతా బస్సెక్కి పోతే ఎవరికి కాచేది? ఇక్కడ ఒక మేడ కడుతున్నారు, ఇటుకలు మోస్తున్నాను. అమ్మ, మేక సుబ్బలక్ష్మమ్మ పిన్ని దగ్గర ఉన్నారు. అనంతపురం బస్టాండులో గంటసేపు కూర్చున్నాము. నీ హాస్టలుకు రాలేదు. నా నెత్తిన మూట చూస్తే పెట్టె సర్దుకుని నా వెంటే వచ్చేదానివి.

మంగళవారం పొద్దున బస్సుకు మన వీధివాళ్ళమే బయలుదేరాము. ఎన్ని టికెట్లని ఓబుళేసు అడిగితే ఎవరూ ఎంచరు. మొదట ఎక్కడానికీ ఎవరూ ముందుకు రాలేదు. నేనే మెట్టు మీద కాలు పెట్టాను. మొగుడు లేనిదాన్ని, ఎదురొస్తే పక్కకు తప్పుకునే ఊరు కదా, అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. అప్పుడు ఈరప్ప టాపు మీద నుంచి వంగి నన్ను చూసి, గట్టిగా, "లాభం" అన్నాడు. తర్వాత రెండు, మూడు అని చివరిదాకా ఎంచాడు.

కిటికీ పక్కన కూర్చుని ఆ ఖాళీ వరుసలో గీతలు పెట్టాను. పదిహేడు ఉన్నాయి. మొదటి దానికి చేతులు జోడించి ఉండిపోయాను. ఆ ఒకటి నువ్వే కలుపుకో.