తాడు పట్టని రోజు

విజయనగరం,
10-11-1968

అక్కకి కొండబాబు నమస్కారం.

మీ ఊరి దేముడమ్మ నిన్న చేపల తట్టతో వచ్చి చెప్పింది. నీ కాలికి కట్టు విప్పి నెల దాటిందట. ఎముక బాగా అతికింది, నడవమని డాక్టరు చెప్పాడట. అయినా నువ్వు మంచం దిగటం లేదట. అంటే అతకాల్సింది ఇంకా ధైర్యమే.

ఇన్నేళ్లూ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని గార ఊరి సంత దాకా నడిచిన మనిషివి. ఇప్పుడు కూర్చున్నావంటే తప్పు నీ ఒక్కదానిదే కాదు. ఆడమనిషి ఒకసారి పడితే చాలు, "పాపం, కూర్చో" అనటానికి లోకం పీట వేసుకుని కాచుకుని ఉంటుంది. ఆ పీటని తన్నెయ్యి.

ఒళ్లయినా మనసయినా సాధనతోనే గట్టిపడతాయి. పొద్దున్నే గుమ్మం పట్టుకుని నిలబడు. మడమలెత్తు, దించు. చన్నీళ్ల స్నానం చెయ్యి. తరవాత సముద్రం వైపు తిరిగి, "నాకు భయం లేదు, నేను లేస్తాను" అని గట్టిగా అరిచి చెప్పు. మనసుకి చెవుడు, మెల్లిగా చెబితే వినపడదు.

ఇట్లు,
నీ తమ్ముడు కొండబాబు

తా.క. నేనూ రోజూ బస్కీలు తీస్తున్నాను. నీ మరదలు చూసి నవ్వుతోంది. ఆ నవ్వుతో నాకు సిద్ధాంతపరమైన విభేదం ఉంది.

దేవునిపేట,
18-11-1968

ఒరే తమ్ముడా, మీ అక్క లక్ష్మణమ్మ సెప్తంటే కోడలు దాలమ్మ రాస్తన్నాది.

నువ్వు సెప్పినట్టే గుమ్మం అట్టుకుని నిలబడి, నాకు బయ్యం నేదు, నాను లేస్తానని అరిసినాను. పక్కింటి గురమ్మ ఇనేసి, నాకు అమ్మోరు పూనిందని పసుపునీళ్లు, వేపమండలు అట్టుకుని పరిగెట్టుకొచ్చింది. ఎనకాల వీధి వీధంతా వచ్చేసినాది. "తల్లీ, అలిగెల్లిపోయిన నా మొగుడు ఎప్పుడొస్తాడు" అని గురమ్మ నా కాళ్ల మీద పడిపోయింది. నానేటి సెప్పీది? రేపొస్తాడు ఎల్లు అన్నాను. ఆడు మర్నాడు నిజంగానే వచ్చేసినాడు. ఇప్పుడు మన గుమ్మంలో కోడిపుంజు కట్టున్నాది.

నా గురించి బెంగెట్టుకోకు. నా కొడుకు ఎర్రన్న పొద్దున్నే నన్ను మంచంతో ఒడ్డుకి మోయిస్తాడు. జనం పెద్దవల ఒడ్డుకి లాగినంతసేపూ తాడు కాడ కూకుంటాను. వల యజమాని గంగులు నాకూ ఇన్ని సేపలు వాటా పడేస్తాడు. ఇంకేటి కావాల?

ఇట్లు,
మీ అక్క

తా.క. ఇది దాలమ్మ సొంత రాత, మావా. అత్త సన్నీళ్ల తానం సెయ్యటం నేదు. అడిగితే సముద్రం గాలి తగిలింది కదేటి, అదీ తానమే అంటన్నాది.

విజయనగరం,
25-11-1968

అక్కకి, కొండబాబు కోపంతో రాయునది.

మూఢనమ్మకాల మీద నా వ్యాసం అచ్చయిన వారమే నా సొంత అక్క అమ్మోరయి కూర్చుంది. అది తరవాత తేలుస్తాను.

నాకు నిద్ర లేకుండా చేసింది ఆ వాటా మాట. వల లాగేవాళ్లు ఒళ్లు హూనం చేసుకుని సంపాదించుకున్నదాంట్లో, మంచం మీద కూర్చున్న మనిషికి "ఇన్ని పడెయ్యటం" ఏమిటి? పడేసేదాన్ని వాటా అనరు. భిక్ష అంటారు. దయ చాలా మెత్తటి పరుపు, అక్కా. దాని మీద పడుకున్నవాళ్లు లేవరు. గంగులు మంచివాడే, కాదనను. మనుషుల్ని మంచానికి కట్టేసేది ఎప్పుడూ మంచివాళ్లే. అతనికి ఘాటుగా ఒక ఉత్తరం రాయబోతున్నాను.

ఇట్లు,
కొండబాబు

తా.క. ఆ పుంజును వెంటనే వదిలెయ్యి. ఒకవేళ ఇప్పటికే వండేసి ఉంటే ఎలా ఉందో రాయి.

దేవునిపేట,
2-12-1968

కొండబాబుకి. (తమ్ముడా అని రాయొద్దన్నాది అత్త.)

నన్ను ముష్టిదాన్నంటావేట్రా? బళ్లో మేష్టరువైపోయి తాడు సంగతి మర్సిపోనావా? ముందర జనం లాగతంటే ఎనక్కొచ్చిన తాడు సుట్ట సుట్టీ మనిషి ఉండొద్దా? సుట్టకపోతే సిక్కు పడిపోతాది, మర్నాడు వల ఎయ్యనేరు. ఆ సివర కూకుని సుట్టేది నాను. తడిసిన కొబ్బరితాడు అరసేతులు సీరేస్తన్నాది. తాడు మీద సెయ్యేసినోలికి వాటా. మన తాతల కాడ్నించీ అదే.

గంగులికి ఉత్తరం రాస్తానన్నావు. ఆడికి సదువు రాదు. సదివి సెప్పీది మన దాలమ్మే. కాబట్టి మర్యాదగా రాయి.

లక్ష్మణమ్మ

తా.క. మావా, అత్త రెండు పూటలా అన్నం తిన్నేదు. "ఆడన్నదే నిజమేమోనే, జాలితోనే ఇస్తన్నారేమో" అని గోడేపు తిరిగి అన్నాది. నాను రాసినట్టు తెలిస్తే నన్ను సంపేస్తాది.

విజయనగరం,
8-12-1968

అక్కా,

తాడు చుట్టే మనిషి సంగతి నిజంగానే మర్చిపోయాను. ఒప్పుకున్నాను గానీ వాదన వదల్లేదు.

మన అమ్మ గుర్తుందా? మోకాళ్ల నొప్పని కూర్చుంటే మనమంతా "లేవకమ్మా, మేమున్నాం" అన్నాం. ముద్దలు కలిపి పెట్టాం. నడవగలిగిన మనిషి మన కళ్ల ముందే మంచానికి అతుక్కుపోయింది. ఎవరూ పాపం చెయ్యలేదు, అంతా ప్రేమే. అప్పటినుంచీ నాకు ప్రేమంటే కోపం.

నీ మనసులో అనుమానం ఉంటే (ఉందని నాతో ఎవరూ అనలేదు) తేల్చుకుందాం. ఒక్క రోజు ఒడ్డుకి వెళ్లకు. కారణం చెప్పకు, కబురు పంపకు. ఆ రోజు కూడా వాటా ఇంటికొస్తే అది దయ. రాకపోతే ఇన్నాళ్లూ తిన్నది నీ కష్టం.

నీ తమ్ముడు

తా.క. ఇది శాస్త్రీయ పద్ధతి. గురమ్మ చెవిన వెయ్యకు, మళ్లీ వేపమండలు తెస్తుంది.

దేవునిపేట,
15-12-1968

ఒరే తమ్ముడా,

నిన్న ఒడ్డుకి ఎల్లనేదు. గుమ్మంలో కూకున్నాను. సేపలు రావాలో రాకూడదో నాకే తెలీనేదు. మజ్జానానికి ఎర్రన్న ఆడి వాటా ఒక్కటే తెచ్చినాడు.

"నాదేదిరా?"

"నువ్వు రానేదు కదమ్మా. గంగులు ఇవ్వనేదు."

నాకు కళ్లంట నీళ్లొచ్చేసినాయి, సంతోసంతో. ఒక్క నెత్తళ్ల పిల్ల కూడా ఇవ్వనేదురా! కాసేపయ్యాక ఒళ్లు మండిపోనాది. ఇన్నేళ్ల మనిషి రాకపోతే, ఎందుకు రానేదని ఒక్క మాటడగడా? ఎల్లి అట్టుకున్నాను గంగుల్ని.

"ఏరా, మనిషి సచ్చిందో బతికిందో అడగవేట్రా?"

"సచ్చిపోతే కబురొస్తాది కదా పెద్దమ్మా."

"మరి నా వాటా?"

"తాడట్టుకోనోలికి వాటా ఏటి? నువ్వు రాక ఇది ఎలాగున్నాదో సూడు. పొద్దున్నించీ ఇద్దరం సిక్కు తీస్తన్నాం. రేపు రాకపోతే ఈ పనికి ఇంకోలిని ఎట్టుకుంటాను."

ఎలాగ ఎట్టుకుంటావో సూస్తానని అక్కడే కూలబడి సిక్కు తీస్తన్నాను. కాసేపటికి గంగులు నెమ్మదిగా అడిగినాడు, "పెద్దమ్మా, నిన్నెవలు మోసుకొచ్చినారు?"

ఎనక్కి తిరిగి సూసినాను. మంచం నేదు. ఎర్రన్న నేడు. ఇసకలో నా అడుగులే ఉన్నాయి, ఒకటి లోతుగా, ఒకటి తేలిగ్గా.

అప్పుడొచ్చిందిరా బయ్యం. తిరిగి ఇంటికెల్లాల గదా. గంగులు సెయ్యి ఇవ్వబోతే వద్దన్నాను. గుమ్మం దాకా తిట్టుకుంటా నడిసినాను. తిట్టింది నిన్నే.

ఇట్లు,
మీ అక్క

తా.క. మావా, నాను దాలమ్మని. ఈ ఉత్తరం తనే ఏస్తానంటన్నాది అత్త. పోస్టు డబ్బా ఊరవతల రోడ్డు మీదున్నాదని నీకు తెలుసు కదా. కర్ర కూడా వద్దంటన్నాది. నువ్వయితే ఒక్కదాన్నే ఎల్లనీ అంటావు. నాను మాత్రం ఆవిడకి కనపడకుండా ఎనకాల ఎల్తాను.