ఫ్లోరెన్స్ టిక్కెట్టు

దమ్మామ్,
నవంబరు 19.

ఆసిఫాకు,

మస్తాన్ వలీ సలాములు. ఒంటి వరకైతే నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, అమ్మా, ఉమేరా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళకు కొత్త మందు పని చేస్తోందో లేదో నువ్వు రాయనే లేదు. ఉత్తరమంతా ఫ్లోరెన్సే.

తప్పు పట్టడం లేదు. పదహారేళ్ళుగా బడిలో పిల్లల చేత మామిడికాయా, జెండా గీయిస్తున్న డ్రాయింగ్ టీచరువి. ఆ ఊరి బొమ్మలున్న పుస్తకం నీ చేతుల్లో అంచులు నలిగి అట్ట ఊడిపోయింది. కంపెనీ మనిద్దరినీ పంపుతోందని ఆగస్టులో ఫోన్ చేస్తే ఏడ్చేశావు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పెద్ద గుమ్మటం పైకి లిఫ్టు లేదు, నాలుగు వందల అరవై మూడు మెట్లు. ఉఫీజీ గ్యాలరీకి సోమవారం సెలవు, మంగళవారం పొద్దున్నే వెళ్ళాలని నువ్వు వేసుకున్నది సరైనదే. నది మీది పాత వంతెనకు రెండు వైపులా బంగారం కొట్లున్న మాట నిజమే. డేవిడ్ విగ్రహం సంగతి వినగానే అమ్మ "గుడ్డల్లేని మగోని బొమ్మ చూసేకి అంత దూరం పోతారా?" అన్నదని రాశావు. అమ్మ నయం. ఇక్కడ ఆఫీసులో దాని పక్కన నిలబడి ఎలా ఫోటో దిగాలో చెప్పుకుంటూ ఇకిలించడం రోజూ వింటున్నాను.

వెళ్ళేది ఆరుగురు ఉద్యోగులూ, వాళ్ళ భార్యలూ. నీకు ఆ ఊరి గురించి తెలుసని ప్రయాణం ఏర్పాటంతా మేనేజర్ ఇష్తియాక్ భాయ్ నాకే అప్పగించాడు. ఆయన హైదరాబాదు మనిషి. నువ్వు అయిదు రోజులకూ రాసిన పట్టిక చూపిస్తే, "గిన్ని చర్చీలేంది వలీ భాయ్? రెండు చాలు. లెదర్ బ్యాగుల బజారు ఏడుందో చూడు" అన్నాడు. అంటూనే పళ్ళ సందులో మాంసం పీచు గోటితో లాగి, నీ పట్టిక మీదే తుడిచాడు. ఆ కాగితం ఇప్పుడు ముట్టుకోబుద్ధి కావడం లేదు.

ఇక దాచను. మనం ఫ్లోరెన్స్ వెళ్ళడం లేదు. పాస్‌పోర్టు వచ్చిందనీ, క్రిస్మస్ సెలవులకు ఇంకో వారం కలిపి అడిగాననీ రాశావు. ఆ సెలవు వద్దని చెప్పెయ్.

నేనిక్కడ మూడు వందల మంది కూలీలుండే క్యాంపుకు సేఫ్టీ ఆఫీసర్నని నీకు తెలుసు. గదులు, వంటిల్లు, తాగే నీళ్ళు చూసి సంతకం పెట్టేది నేనే. జూలై చివర్లో సురేంద్ర అనే ఎలక్ట్రీషియన్ ఒక సీసాలో నీళ్ళు పట్టుకొచ్చాడు. మన మైదుకూరు వాడే. సీసాలో తెల్లటి పోగులేవో తేలుతున్నాయి.

"సార్, పై ట్యాంకు మూత పగిలిపోయింది. పావురాలు పడతాండాయి. ఒకసారి ఎక్కి చూడండి సార్" అన్నాడు.

"చూస్తాలే. అంతదాకా కాచుకుని తాగండి" అన్నాను. ఎక్కలేదు.

ఆ వారమే, మాకు పని ఇచ్చే పెద్ద కంపెనీ వాళ్ళు క్యాంపు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ట్యాంకు కడిగించి నీళ్ళకు కొత్తగా పరీక్ష చేయించేంత వ్యవధి లేదు. ఇష్తియాక్ భాయ్ తలుపు మూసి, "పోయిన ఏడాది రిపోర్టుకే తేదీ మార్చి సంతకం పెట్టు. ఎవడు చూస్తడు? కాంట్రాక్టు మళ్ళొస్తే ఇటలీ ట్రిప్పుల నీ పేరు రాపిస్త. భాభీకి బొమ్మలంటే పానం కద" అన్నాడు.

పెట్టాను. కాంట్రాక్టు ఖాయమైన రోజు సాయంత్రమే నదివైపు కిటికీ ఉన్న హోటల్ గది వెతికి, నీకు ఫోన్ చేశాను. నువ్వు ఏడ్చింది ఆ రోజే.

అక్టోబరులో జనం పడిపోవడం మొదలైంది. వారంలో నలభై మంది దాటారు. మరుగుదొడ్ల దగ్గర వరస కట్టారు. ఆగలేని వాళ్ళకు నడవాలోనే అయిపోయేది. అప్పుడు ఎక్కాను ట్యాంకు. నీళ్ళ మీద మీగడలాగా ఒక తెర, దాని నిండా ఈకలు. కర్రతో కదిపితే మూడు పావురాలు తేలాయి, ఒకటి కర్ర తగలగానే విడిపోయింది. నిచ్చెన మీదే కక్కుకున్నాను. మూడు నెలలుగా వాళ్ళు ఆ నీళ్ళతోనే బియ్యం కడిగారు, నమాజు ముందు వజూ చేసుకున్నారు. నేను మాత్రం ఆఫీసులో సీలు వేసిన సీసా నీళ్ళు తాగాను. ఇప్పుడు అన్నం ముందు కూర్చుంటే నా చేతుల మీద నాకే రోత పుడుతోంది.

సురేంద్ర పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఇక బరువు పని కుదరదన్నారు. కంపెనీ వెంటనే ఎగ్జిట్ కొట్టించి, ఇంటికి పంపేస్తోంది.

"బయట తిండి తిని రోగం తెచ్చుకున్నరని రాయి" అన్నాడు ఇష్తియాక్ భాయ్. నేను ట్యాంకు ఫోటోలూ, సురేంద్ర సీసా తెచ్చిన తేదీ, దొంగ రిపోర్టూ, దాని మీద నా సంతకమూ అన్నీ కలిపి పెద్ద కంపెనీకి పంపేశాను. ట్యాంకు మార్చారు. ఇష్తియాక్ భాయ్ అదే కుర్చీలో ఉన్నాడు. మిగతా అయిదుగురూ డిసెంబరులో నువ్వు రాసిన పట్టిక పట్టుకునే ఫ్లోరెన్స్ వెళ్తున్నారు. నన్ను ఈ దేశానికి అటు చివరనున్న తబూక్ దగ్గర పొలాల్లో స్టోర్ కీపర్‌గా వేశారు. వచ్చే వారం బయల్దేరాలి.

నిన్న సురేంద్ర గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. పెట్టె సర్దుకుంటూ విన్నాడు.

"మీరు ఎక్కరని ఆ పొద్దే మీ మొగం చూస్తానే తెలిసిపాయ సార్" అన్నాడు. పెట్టె మూసి, "ఇంట్లో చెప్పినారా?" అని అడిగాడు.

"లేదు."

"రాసియ్యండి. నేను పోయేది ఆ దోవనే కదా."

నీకోసమే సంతకం పెట్టానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ హోటల్ కిటికీ దగ్గర నిలబడాలని నేనే ఆశపడ్డాను. నీ ఇష్టాన్ని అడ్డం పెట్టుకున్నాను.

ఈ కవరు నీ చేతికిచ్చిన మనిషే సురేంద్ర. గుమ్మంలో నిలబెట్టకు, లోపల కూర్చోబెట్టు. మంచినీళ్ళు ఇస్తే, గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసి గానీ తాగడు. ఏమీ అనుకోకు. ఆయనకు ఆ అలవాటు చేసింది నేనే.

ఇట్లు,
ఉమేరా నాయన,
మస్తాన్ వలీ